షాపులో రోజుకు నాలుగు క్రెడిట్ కార్డులు చేయించమంటున్నారు, మానేయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. హన్మకొండలో ఒక పెద్ద బట్టల షోరూంలో ఐదు నెలలుగా సేల్స్ పని. వయసు 22. పరకాల దగ్గరి ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. రోజుకు నాలుగు క్రెడిట్ కార్డు అప్లికేషన్లు పెట్టించాలని టార్గెట్. పెట్టించకపోతే వారానికి వచ్చే ఒక్క సెలవూ పోతుందని బెదిరింపు. "లైఫ్ టైమ్ ఫ్రీ అని చెప్పు, ఫీజు మాట ఎత్తకు" అని మేనేజర్ నేర్పించాడు. పోయిన వారం వర్ధన్నపేట నుంచి ఒక అక్క 499 రూపాయల ఫీజు మెసేజ్ పట్టుకొని వచ్చి అందరి ముందు తిట్టి పోయింది. ఇప్పుడు ఉండాలా, మానేయాలా?

చెల్లె, నేను పద్నాలుగేళ్లు ఈ లైన్‌లోనే ఉన్నాను. 2007లో హన్మకొండ చౌరస్తా దగ్గర చీరలు మడతపెట్టే పనితో మొదలుపెట్టి, ఒక ఎలక్ట్రానిక్స్ షోరూంలో ఫ్లోర్ మేనేజర్ దాకా వెళ్లాను. 2021లో మానేసి కాజీపేటలో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాను. నిన్ను సతాయిస్తున్న ఆ మేనేజర్ పని నేనూ చేసినవాణ్ణే. పొద్దున షట్టర్ ఎత్తగానే పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, నిన్న సున్నా వచ్చినవాళ్ల పేర్లు గట్టిగా చదివేవాణ్ణి. వాట్సాప్ గ్రూపులో ఎర్ర రంగు పూసి పెట్టేవాణ్ణి. ఆ తెలివితేటలు అప్పట్లో నాకు గొప్పగానే అనిపించేవి.

రేపే మానేయకు. కానీ రేపటి నుంచి ఒక్క అబద్ధం కూడా ఆడకు. ఈ రెండూ ఒకేచోట పొసగుతాయా అంటే, కొన్నాళ్లు పొసగుతాయి. ఎలాగో చెప్తాను.

ముందు ఈ కార్డు సంగతి అర్థం చేసుకో. దాని మీద మీ షాపు పేరు పెద్దగా ఉంటుంది కానీ అప్పు ఇచ్చేది బ్యాంకు. షాపుకు, బ్యాంకుకు ఒప్పందం ఉంటుంది. బ్యాంకు తన మనిషిని ఇంటింటికీ తిప్పే బదులు, జేబులో డబ్బు పెట్టుకొని వచ్చిన మనిషి దగ్గర నిన్ను నిలబెడుతుంది. పైన షాపుకు కార్డుకింత అని ముడుతుంది, ఏరియా మేనేజర్‌కు ర్యాంకు, మీ మేనేజర్‌కు బోనస్‌లో ఒక లైను. నీ దాకా వచ్చేసరికి యాభయ్యో వందో, అది కూడా కార్డు యాక్టివేట్ అయితేనే. తిట్లు మాత్రం మొత్తం నీకే వస్తాయి, వర్ధన్నపేట అక్క వచ్చినప్పుడు చూశావు కదా.

ఇంకోటి, మీ టార్గెట్ హన్మకొండలో కూర్చొని పెట్టింది కాదు. హైదరాబాద్‌లో ఎవరో ఒక షీటు మీద అన్ని బ్రాంచీలకూ ఒకే అంకె వేస్తారు. బంజారాహిల్స్‌లో షాపుకొచ్చేవాళ్లు వేరు, మన దగ్గరకొచ్చేవాళ్లు వేరు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముకొని, ఆ డబ్బు టవల్లో కట్టుకొని పిల్ల పెళ్లికి బట్టలు కొనడానికి వచ్చిన రైతుకు జీతం స్లిప్పు ఎక్కడిది? ఐటీ రిటర్న్ ఎక్కడిది? నువ్వు ఎంత బతిమాలి అప్లై చేయించినా బ్యాంకు తిప్పి పంపిస్తుంది. షాపు లెక్కలో అది ఒక "లీడ్", అంటే కార్డు తీసుకునే అవకాశమున్న మనిషి. ఆ రైతుకు మాత్రం సిబిల్ రిపోర్టులో, అంటే మనిషి అప్పుల చరిత్ర చూపే కాగితంలో, అప్పు అడిగినట్టు ఒక ఎంక్వైరీ పడి ఉంటుంది. రేపు ట్రాక్టర్ లోనుకు పోతే బ్యాంకులో ముందు చూసేది ఆ రిపోర్టే.

2019లో మా షోరూంలో జరిగింది చెప్తాను. జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన, కొడుకు కలిసి ఫ్రిజ్ కొన్నారు. కౌంటర్‌లో ఉన్న పిల్లవాడు, వాడికి ఆ రోజు మూడు తక్కువ, "డిస్కౌంట్ కావాలంటే మెంబర్‌షిప్ కార్డు తీసుకోవాలె పెద్దయ్యా" అన్నాడు. పెద్దాయన ఫోన్ ఇచ్చేశాడు. ఓటీపీ వీడే కొట్టాడు. కార్డు ఇంటికి వచ్చింది, వాళ్లు సంచీలో పడేశారు. ఏడాది ఫీజు పడింది, కట్టలేదు, దాని మీద లేట్ ఫీజు, దాని మీద జీఎస్టీ. ఒకటిన్నర ఏడాది తర్వాత కొడుకు లోనుకు పోతే నాన్న పేరు మీద బాకీ ఉందన్నారు. ఇద్దరూ బస్సెక్కి నా దగ్గరకు వచ్చారు. ఆ పెద్దాయన తిట్టలేదు. "సారూ, మేము ఎవనికి ఒక్క రూపాయి బాకీ ఉండలే, గిదేంది?" అని కాగితం నా ముందు పెట్టాడు. ఆ కౌంటర్ పిల్లవాణ్ణి ఆ రోజు పొద్దున మూడు తక్కువని నిలబెట్టింది నేనే. వాళ్లు పోయాక మా హెడ్డాఫీసు ఏం చేసిందో తెలుసా? ఆ పిల్లవాణ్ణి తీసేసింది. "కస్టమర్‌కు తప్పుడు సమాచారం ఇచ్చాడు" అని రాశారు. అలా చెప్పమన్నది మేమేనని ఎక్కడా రాయలేదు.

మన దగ్గరే ఇలా అనుకోకు. అమెరికాలో వెల్స్ ఫార్గో అని పెద్ద బ్యాంకు ఉంది. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ప్రొడక్టులు అంటగట్టాలని సిబ్బందికి టార్గెట్ పెట్టింది. వాళ్లు తట్టుకోలేక, కస్టమర్లకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు, కార్డులకు అప్లై చేశారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అంతకు ముందే 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, ఎక్కువమంది కౌంటర్లలో పనిచేసే చిన్న జీతాలవాళ్లే. నీ సంగతికొస్తే, అప్లికేషన్ మీద నీ ఎంప్లాయీ కోడ్ ఉంటుంది. మీ మేనేజర్ నోటితో చెప్పిన "ఫ్రీ అని చెప్పు" ఎక్కడా ఉండదు. అందుకే అబద్ధం ఆడొద్దంటున్నాను. ధర్మపన్నాలు చెప్పే అర్హత నాకు లేదు, ఇది నీ ఉద్యోగం కాపాడుకునే సంగతి.

మరి నిజం చెబితే కార్డులు అవుతాయా? తగ్గుతాయి. కానీ సున్నా అయితే కావు. నా అనుభవంలో ఎవరిని అడుగుతున్నామన్నదే ముఖ్యం. కాజీపేట రైల్వే వాళ్లు, టీచర్లు, నిట్‌లో పనిచేసేవాళ్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఇలా నెలనెలా జీతం ఖాతాలో పడేవాళ్లను అడుగు. వాళ్లకు కార్డు అంటే ఏంటో తెలుసు, లెక్క చూసుకొని ఔననో కాదనో ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. బటన్ ఫోన్ పట్టుకొచ్చిన అవ్వను, నోట్లు లెక్కపెట్టుకుంటున్న మనిషిని, "ఓటీపీ మా మనుమనికి వస్తది" అనేవాళ్లను అడగనే వద్దు. వాళ్ల దగ్గర ఐదు నిమిషాలు పోగొట్టుకుంటే రావాల్సిన కార్డు ఇంకోటి పోతుంది.

అడిగేటప్పుడు నేను చివరి రెండేళ్లు మా వాళ్లకు నేర్పిన మాటలు ఇవి. నీ యాసలో మార్చుకో: "అక్కా, ఇది పాయింట్ల కార్డు కాదు, బ్యాంకు క్రెడిట్ కార్డు. ఏడాదికి 499 ఫీజు, పైన జీఎస్టీ. గడువులోపు మొత్తం కడితే మిత్తి లేదు. కొంచెం మిగిల్చినా నూటికి మూడున్నర మిత్తి పడుతది. కావాలా?" అంతే. వద్దంటే మళ్లీ అడగకు.

ఆ "మిత్తి" మాట కావాలనే పెట్టాను. వార్షిక వడ్డీ 42 శాతం అంటే మన జనానికి ఏమీ ఎక్కదు. నెలకు నూటికి మూడున్నర అంటే సంఘంలో అప్పు తీసుకున్న ప్రతి అక్కకూ వెంటనే వెలుగుతుంది, ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికే గుండె గుభేలుమంటుంది కదా. మన దగ్గర చాలా కార్డుల మీద నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. మీ కార్డుది ఎంతో అప్లికేషన్‌తో ఇచ్చే కాగితంలో రాసి ఉంటుంది, దాన్ని నువ్వు ముందు చదువు. నేను ఫ్లోర్ మేనేజర్ అయ్యాక కూడా రెండేళ్లు చదవలేదు.

లెక్క ఒకటి చేసి చూపిస్తాను, కస్టమర్ అడిగితే చెప్పడానికి. దసరాకు 12,000 బట్టలు కార్డు మీద కొన్నారనుకో. బిల్లులో "మినిమమ్ డ్యూ" 600 అని ఉంటుంది, చాలామంది అది కడితే చాలనుకుంటారు. 600 కడితే మిగిలింది 11,400. దాని మీద మూడున్నర శాతం చొప్పున ఒక నెల మిత్తి 399. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 72. అంటే కట్టిన 600లో 471 మళ్లీ నెత్తిన పడింది, అప్పు తగ్గింది 129 మాత్రమే. నిజానికి మిత్తిని కొన్న రోజు నుంచే లెక్కపెడతారు కాబట్టి ఇంకా ఎక్కువే అవుతుంది. మొత్తం కట్టేవాళ్లకు మాత్రం కార్డు నిజంగానే లాభం, నలభై ఐదు రోజుల దాకా ఊరికే వాడుకోవచ్చు. నా దగ్గరా ఒకటి ఉంది.

ఇక చేయకూడనివి. కస్టమర్ ఫోన్ చేతిలోకి తీసుకోకు. ఓటీపీ నువ్వు కొట్టకు, వాళ్లనే చదివి కొట్టమను. "బిల్లు కోసం నంబర్ చెప్పండి" అని తీసుకున్న నంబర్‌ను కార్డుకు వాడకు, ఇది చాలా షాపుల్లో జరుగుతుంది. జీతం ఎక్కువ రాసి అప్రూవల్ తెప్పించకు. నెలాఖరున అంకె నిండడం లేదని నీ పేరు మీదో, అమ్మానాన్నల పేరు మీదో చేయించకు. ఈ చివరిది నేను చేశాను. నా భార్య పేరు మీద, బావమరిది పేరు మీద, 2018లో. బావమరిది ఇప్పటికీ పండక్కొచ్చినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

మేనేజర్‌తో ఎలా మాట్లాడాలన్నది అసలు తలనొప్పి. ఎదురు తిరగకు, కానీ నోటి మాటగా వదిలేయకు. రోజూ డ్యూటీ అయ్యాక అతనికి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టు: "సార్, ఈ రోజు నా దగ్గరికి వచ్చినవాళ్లు 31, అడిగినవాళ్లు 19, వద్దన్నవాళ్లు 16, అప్లై చేసినవాళ్లు 3, రిజెక్ట్ 2." అంతే, ఫిర్యాదు లేదు, ఏడుపు లేదు. రెండు వారాలు ఇలా పెడితే ఆ అంకెలు అతనికే పనికొస్తాయి. సాయంత్రం నాలుగింటికి ఏరియా మేనేజర్ ఫోన్ చేసి బూతులు తిడుతుంటే ఏం చెప్పాలో తెలియక నేను మా పిల్లల మీద పడేవాణ్ణి. ఒక్కరైనా ఇలాంటి లెక్క ఇచ్చి ఉంటే దాన్నే పైకి చదివి వినిపించేవాణ్ణి. అడగడం నీ పని, ఔననడం కస్టమర్ ఇష్టం. టార్గెట్ పెట్టినవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి అంతా నీ లెక్కలో వేస్తారు, నీ మెసేజ్ వాటిని విడదీస్తుంది.

"లైఫ్ టైమ్ ఫ్రీ అని చెప్పు" అని మళ్లీ అంటే, నవ్వుతూనే, "సార్, కరెక్టుగా ఏం చెప్పాలో గ్రూపులో రాసి పెట్టండి, అందరం ఒకేలా చెప్తం" అను. రాయడు. రాయలేడు. ఆ తర్వాత నీ ఒక్కదాని మీద ఆ ఒత్తిడి కొంచెం తగ్గుతుంది. ఒకవేళ రాస్తే, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

వారం సెలవు సంగతి. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం మన తెలంగాణలోనూ నడుస్తోంది. దాని ప్రకారం షాపులో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారానికి ఒక రోజు సెలవు. అంతకు మించి చేయిస్తే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు లెక్కన ఇవ్వాలి. కార్డులు కాలేదని సెలవు తీసేసే అధికారం ఎవరికీ లేదు. జీతంలో కోయడానికీ లేదు, చట్టం ఒప్పుకునే కోతల్లో టార్గెట్ అన్న మాట లేదు. ఇన్సెంటివ్ వేరు, దాన్ని షాపు తన నియమాల ప్రకారం ఆపవచ్చు. ఆ యాభై, వంద పోతే పోనీ.

నీకు ఇప్పుడు ఐదు నెలలు అయ్యాయన్నావు. ఆరు నెలలు వరుసగా పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా, నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా లేదా నెల జీతం చేతిలో పెట్టకుండా తీసేయకూడదని అదే చట్టంలోని 47వ సెక్షన్ చెబుతుంది. అంటే ఇంకో నెల గడిస్తే నీకు ఒక ఆసరా దొరుకుతుంది. రేపే మానేయకు అన్నది అందుకే. ఈలోపు నీ కాగితాలు చూసుకో. అపాయింట్‌మెంట్ లెటర్ ఉందా? జీతం ఖాతాలో పడుతోందా, కవర్లో ఇస్తున్నారా? ఈఎస్ఐ నంబర్ ఉందా? చాలామంది ఆడపిల్లలు షాపు ఉద్యోగులమనుకుంటారు, కాగితాల్లో చూస్తే ఎవరో కాంట్రాక్టర్ దగ్గర ఆఫ్‌రోల్‌లో ఉంటారు. గొడవ వచ్చినప్పుడు షాపు వాళ్లు "ఈ అమ్మాయి మా మనిషే కాదు" అంటారు. లెటర్, పేస్లిప్పు, అటెండెన్స్ ఫొటో, ఏదో ఒకటి ఇప్పటి నుంచే దాచిపెట్టు. గొడవ ముదిరితే హన్మకొండలో లేబర్ ఆఫీసు ఉంది, ఒక తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు.

వర్ధన్నపేట అక్క సంగతి నువ్వు చివర్లో రాశావు కానీ నాకు అదే ముందు అనిపించింది. ఆమె ఫీజు నీ జేబు నుంచి కట్టకు. పాపమనిపించి కట్టావంటే, తప్పు నీదేనని నువ్వే ఒప్పుకున్నట్టు. ఆమెకు ఫోన్ చెయ్యి. "అక్కా, నేను ఫ్రీ అని చెప్పిన, తప్పయింది, కార్డు ఎట్ల బంద్ చేయాలో చెప్త" అను. తిడుతుంది, తిట్టనీ.

2022లో రిజర్వ్ బ్యాంకు కార్డుల మీద గట్టి నియమాలు తెచ్చింది, ఇవి కస్టమర్‌కు బాగా పనికొస్తాయి. కార్డు వచ్చి 30 రోజులు దాటినా యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీతో ఆమె అనుమతి అడగాలి. ఆమె ఒప్పుకోకపోతే ఏడు పనిదినాల్లో ఒక్క రూపాయి తీసుకోకుండా కార్డు మూసేయాలి. యాక్టివేట్ కాని కొత్త కార్డు వివరాలను సిబిల్ లాంటి సంస్థలకు పంపకూడదు. మన జనగామ పెద్దాయనకు అప్పట్లో ఈ రక్షణ లేదు. కార్డు వాడకంలో ఉన్నా సరే, బాకీ ఏమీ లేకుండా ఉంటే, మూసేయమని అడిగిన ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున బ్యాంకు కస్టమర్‌కు కట్టాలి. అసలు అడగకుండానే కార్డు ఇచ్చి బిల్లు వేస్తే, ఆ బిల్లు వెనక్కి తీసుకోవడమే కాదు, దానికి రెట్టింపు కస్టమర్‌కు ఇవ్వాలి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు ఫిర్యాదు నంబర్ తప్పకుండా రాసుకోమను. కుదిరితే మెయిల్ కూడా పెట్టించు. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు, పైసా ఖర్చు లేదు. 14448కు ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. షాపు కౌంటర్ దగ్గర అరిస్తే ఆమె నోరు నొప్పి తప్ప ఏమీ రాదు, ఎందుకంటే కార్డు షాపుది కాదు. ఈ మాట నువ్వే ఆమెకు చెప్పాలి, మీ మేనేజర్ చెప్పడు.

ఇక ఎప్పుడు మానేయాలి? మూడు సంగతుల్లో ఏది జరిగినా వేరే పని వెతుకు. అబద్ధం ఆడితేనే ఉంచుతామని సూటిగా అంటే. ఓటీపీ నువ్వే కొట్టమంటే. నీ ఐడీతో వేరేవాళ్లు అప్లికేషన్లు పెడుతున్నారని తెలిస్తే. ఈ మూడోది జరిగిందంటే ఆ రోజే మెసేజ్ రాసి పెట్టి పాస్‌వర్డ్ మార్చు, తర్వాత మిగతాది. అంతవరకు దసరా, బతుకమ్మ సీజన్ అయ్యేదాకా ఉండి, ఇంకో చోట మాట ఖాయం చేసుకొని కదులు. సీజన్ ముందు అన్ని షాపుల్లో మనుషులు కావాలి, సీజన్ అయ్యాక తీసేస్తారు. కొత్త చోట చేరేముందు జీతం గురించి అడిగినట్టే, కార్డులు, ఎక్స్‌టెండెడ్ వారంటీలు, ఇన్సూరెన్స్‌లు అమ్మాలా, రోజుకెన్ని అని కూడా అడుగు. సిగ్గుపడకు. నేను ఇంటర్వ్యూలు చేసినప్పుడు ఇలా అడిగినవాళ్లు ఇద్దరే. ఇద్దరికీ నేను నిజమే చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే మొహం మీద అడిగితే అబద్ధం చెప్పడం కష్టం.

ఇప్పుడు ముందు ఆ వర్ధన్నపేట అక్కకు ఫోన్ చేసి రెండు సంగతులు కనుక్కో: కార్డు ఏ తేదీన వచ్చింది, ఆమె యాక్టివేట్ చేసిందా లేదా. రెండూ ఇక్కడే కింద రాయి. బ్యాంకుకు ఏమని రాయాలో ముక్క ముక్కగా నేను తెలుగులో రాసిస్తాను, ఆమె సంతకం పెట్టి పంపిస్తే సరిపోతుంది.